జపాన్ మ్యాపు ఉన్న మడత విసనకర్ర: ఇది నిజంగా ఎడో కాలందేనా?

అటకమీదపెట్టె
క్యోటోలో ఒక సంతలో మడత విసనకర్ర కొన్నాను. కాగితం, వెదురు పుల్లలు. ఒకవైపు తూర్పు ఆసియా మ్యాపు. రెండోవైపు రెండు జెండాలు, కింద ఏదో కొట్టు పేరు. అమ్మినాయన "ఎడో కాలంది, రెండొందల ఏళ్ళ పైమాటే" అన్నాడు. నమ్మి గట్టిగానే పెట్టాను. రూముకొచ్చి విప్పి చూస్తే తైవాన్ కూడా జపాన్ రంగులోనే ఉంది! నాకు చరిత్ర పెద్దగా రాదు గానీ రెండొందల ఏళ్ళ కింద తైవాన్ జపాన్‌ది కాదని తెలుసు. ఫొటోలు పెట్టాను. ఫోన్‌లో అనువాదం యాప్ పెడితే పొంతన లేని మాటలు చెబుతోంది. అసలు ఏ కాలందో తేల్చగలరా? ఆయనతో గొడవ పెట్టుకోవాలా వద్దా అనేది తర్వాత చూస్తాను.

గళ్ళలుంగీ
కరెంటు పోయినప్పుడు గాలి వస్తుందా లేదా? అది చెప్పు ముందు.

పటాలపిచ్చి
ఎడో సంగతి మర్చిపో. అది 1868తోనే అయిపోయింది. తైవాన్ ఎర్రగా ఉందంటే చైనాతో 1895లో చేసుకున్న షిమొనొసెకి ఒప్పందం తర్వాతదే. ఇంకా పైకి చూడు. సఖాలిన్ దీవి కింది సగం ఎరుపు, పై సగం తెలుపు. మధ్యలో గీత 50వ అక్షాంశం. రష్యాతో యుద్ధం ముగిశాక 1905 సెప్టెంబరులో పోర్ట్స్‌మత్ ఒప్పందంతో జపాన్‌కి దక్కిన ముక్క అది. కాబట్టి నీ విసనకర్ర అంతకంటే ముందుది అయ్యే వీల్లేదు.

జపాన్ మ్యాపు ఏది చేతికొచ్చినా నేను మొదట చూసేది సఖాలిన్‌నే. 1855 షిమొద ఒప్పందంలో ఎవరిదని తేల్చకుండా వదిలేశారు. 1875లో మొత్తం రష్యాకి ఇచ్చేసి బదులుగా కురిల్ దీవులన్నీ తీసుకున్నారు. 1905లో సగం తెచ్చుకున్నారు, 1945లో అదీ పోయింది. ఆ ఒక్క దీవి రంగు చూస్తే సగం పని అయిపోతుంది.

నెమలీక_77
మరి కొరియా సంగతేంటి? ఫొటోలో ఎరుపు కాదు, గులాబీలా ఉంది.

బెజవాడ_బ్లేడ్
వందేళ్ళ ఎరుపు వెలిసిపోతే గులాబీయే అవుతుంది. కొరియా కూడా జపాన్‌దే అన్నమాట. 1910లో కలిపేసుకున్నారు కాబట్టి దాని తర్వాతది. కేసు క్లోజ్.

రాతిఅచ్చు
వెలిసిపోవడం సరిహద్దు గీత దాకా వచ్చి ఆగదు బ్లేడు. మడత విసనకర్ర ఎక్కువకాలం మూసే ఉంటుంది. ఎండ తగిలేది పై మడతకి, అంచులకి. వెలిస్తే మడతల వెంబడి నిలువు చారలుగా వెలుస్తుంది. ఇక్కడ జపాన్ ఎరుపు ఈ చివర నుంచి ఆ చివరకి ఒకేలా ఉంది, కొరియా గులాబీ ఒడ్డు దగ్గర కచ్చితంగా ఆగింది. అది కావాలని వేసిన వేరే రంగు. ప్రెస్సులో ముప్పై ఏళ్ళు చేశాను, రంగు వెలవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

పెట్టె గారూ, ఒక భూతద్దం తీసుకుని ఆ గులాబీ చోట చూడండి. చుక్కలు సమాన దూరంలో వరుసగా ఉన్నాయా, చిందరవందరగా ఉన్నాయా?

అటకమీదపెట్టె
చిందరవందరగా ఉన్నాయి. కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి. కొన్నిచోట్ల ఒకదానికొకటి అంటుకుపోయాయి.

రాతిఅచ్చు
అయితే అది లిథో. రాతి మీద చేత్తో చుక్కలు పెట్టి రంగుకో రాయి చొప్పున అచ్చేసినది. వరుస చుక్కలుంటే హాఫ్‌టోన్ (ఫొటో తీసి చుక్కలుగా మార్చి అచ్చేసే పద్ధతి) అయ్యేది, అప్పుడు ఈమధ్య తీసిన నకలేమో అని అనుమానించాల్సి వచ్చేది. ఇంకో పరీక్ష కూడా ఉంది. నోట్లు చూసే యూవీ టార్చి చీకట్లో వేసి చూడండి. కాగితం నీలంగా మెరిసిందంటే అందులో తెల్లదనం కోసం కలిపే రసాయనం ఉన్నట్టు. అది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కాగితాల్లోకి వచ్చింది. మెరవకపోతే పాతదని రుజువు కాదు, మెరిస్తే మాత్రం కొత్తదే.

నిద్రరానిరాత్రి
ఇంత తంటా ఎందుకు, కార్బన్ డేటింగ్ చేయిస్తే పోలా?

పటాలపిచ్చి
గత మూడొందల ఏళ్ళ వస్తువులకి కార్బన్ పద్ధతి దాదాపు పనికిరాదు. లెక్క గీత అక్కడ ఎగుడుదిగుడుగా ఉంటుంది, 1680 అనీ చెప్పొచ్చు 1930 అనీ చెప్పొచ్చు. పైగా ముక్క కోసివ్వాలి. ఏ ముక్క ఇద్దామంటావు, తైవానా?

ఒసాకా_ఆవకాయ
ఆఫీసులో ఉన్నాను, భోజనం టైములో ఫొటోలు పెద్దవి చేసి చూశాను. యాప్ తడబడటానికి కారణం అడ్డంగా ఉన్న పేర్లన్నీ కుడి నుంచి ఎడమకి రాసి ఉండటం. రెండో యుద్ధం దాకా అలాగే రాసేవారు. అక్షరాలు కూడా పాత రూపాలే, యుద్ధం తర్వాత సులువు చేసినవి కావు.

కొరియా మీద ఉన్న పేరు కన్‌కొకు. 1897లో కొరియా తనను తాను సామ్రాజ్యంగా ప్రకటించుకున్నప్పుడు పెట్టుకున్న పేరు అది. 1910 ఆగస్టులో కలిపేసుకున్న రోజునే జపాన్ ఆ పేరు తీసేసి మళ్ళీ చోసెన్ అనడం మొదలుపెట్టింది. కాబట్టి బ్లేడు గారి కేసు మళ్ళీ తెరవాలి.

లోపల 13 రాష్ట్రాల గీతలు కూడా ఉన్నాయి. 13 అయింది 1896లో, 1895 దాకా ఎనిమిదే ఉండేవి.

బెజవాడ_బ్లేడ్
మరి సియోల్‌ని కెయిజో అని రాశారా? ఆ పేరు జపాన్ వాళ్ళు కలుపుకున్నాకే కదా పెట్టింది?

ఒసాకా_ఆవకాయ
కెయిజో అనే ఉంది. కానీ జపాన్ వాళ్ళు 1910కి ముందు కూడా ఆ ఊరిని అలా రాసేవారు. 1910లో అది అధికారిక పేరైంది, అంతే. దాన్ని బట్టి ఏదీ తేలదు.

పటాలపిచ్చి
సఖాలిన్ బట్టి 1905 సెప్టెంబరు తర్వాత. కన్‌కొకు బట్టి 1910 ఆగస్టు లోపు. గులాబీకి కారణం కూడా దొరికింది. 1905 నవంబరులో కొరియాని సంరక్షిత రాజ్యం చేశారు. విదేశీ వ్యవహారాలు జపాన్ చేతిలో, పేరుకి రాజు రాజే. పూర్తి ఎరుపు వేయలేరు, తెల్లగా వదలబుద్ధి కాదు. అందుకే గులాబీ.

చెట్టుకిందమేష్టారు
పటాలపిచ్చీ, సగం ఒప్పుకుంటాను. మ్యాపులో కనిపించే కొత్త విషయం గట్టి సాక్ష్యం. జరగనిదాన్ని ఎవరూ ముందే గీయలేరు కాబట్టి "1905కి ముందుది కాదు" అన్నది నిలుస్తుంది. పాత విషయం కనిపిస్తే మాత్రం అంత గట్టిగా చెప్పలేం. అచ్చేసేవాడికి పాత రాయి ఉంది, పాత నమూనా ఉంది, మార్చాలంటే ఖర్చు. కన్‌కొకు అని ఉన్నంత మాత్రాన 1911లో అమ్మలేదని ఏముంది?

మా ఇంట్లోనే ఉదాహరణ ఉంది. మా నాన్నగారి బడిలోంచి వచ్చిన గోడ మ్యాపు ఒకటి. అందులో ఆంధ్ర రాష్ట్రం, రాజధాని కర్నూలు. చూడగానే 1953 అక్టోబరు నుంచి 1956 అక్టోబరు మధ్యది అనేస్తాం. ఆ మ్యాపు పెట్టుకునే నాకు అరవైల్లో పాఠం చెప్పారు! అప్పటికి హైదరాబాదు రాజధాని అయి ఎన్నేళ్ళో గడిచింది. మ్యాపు పుట్టిన కాలం వేరు, వాడిన కాలం వేరు. మళ్ళీ మళ్ళీ అచ్చేసిన కాలం ఇంకా వేరు.

గళ్ళలుంగీ
మేష్టారూ, మా అబ్బాయి బడి గోడ మీద ఇప్పటికీ 13 జిల్లాల ఆంధ్రప్రదేశే వేలాడుతోంది. 2022లో 26 అయ్యాయని ఆ గోడకి ఎవరూ చెప్పలేదు.

తూర్పుగాలి
మేష్టారు చెప్పిన మొదటి సగం కూడా నాకు నచ్చలేదు. జరగనిదాన్ని ముందే గీసేవాళ్ళు బోలెడుమంది. మ్యాపు అంటే ఉన్నది చూపించేదే కాదు, కావాలనుకున్నది చూపించేది కూడా. 1895నే తీసుకోండి. షిమొనొసెకిలో చైనా లియావొదొంగ్ ద్వీపకల్పాన్ని కూడా జపాన్‌కి రాసిచ్చింది. వారం తిరక్కుండా రష్యా, జర్మనీ, ఫ్రాన్స్ అడ్డుపడ్డాయి, జపాన్ వదులుకోవాల్సి వచ్చింది. ఈలోపు ఎవడైనా ఉత్సాహవంతుడు దాన్ని ఎర్రగా అచ్చేసి ఉంటే? జపాన్‌కి దక్కని సరిహద్దు కాగితం మీద వందేళ్ళు బతుకుతుంది.

ఇంకా వెనక్కి వెళ్తే, పదహారో శతాబ్దంలో జపాన్‌ని ఏలిన హిదెయొషి వాడాడని చెప్పే విసనకర్ర ఒకటి ఒసాకా కోటలో ఉంది. దాని మీద జపాన్, కొరియా, చైనా మ్యాపు. ఆయన 1592లో కొరియా మీదికి సైన్యాన్ని పంపింది చైనా దాకా పోదామనే. విసనకర్ర మీద మ్యాపు వేయించుకోవడం వెనక ఆశ ఏమిటో చూడండి.

చెట్టుకిందమేష్టారు
50వ అక్షాంశం దగ్గర కచ్చితంగా కోసి ఎవడు ఆశపడతాడయ్యా? ఆశపడేవాడు దీవి మొత్తానికి ఎరుపు పూస్తాడు. సగంలో ఆగాడంటే ఒప్పందం చదివే గీశాడు.

తూర్పుగాలి
అది నిజమే. ఈ విసనకర్ర వరకు ఒప్పుకుంటున్నా. మాట మాత్రం వెనక్కి తీసుకోను.

నెమలీక_77
ఇండియా ఉందా మ్యాపులో? కాకినాడ కనిపిస్తోందా?

అటకమీదపెట్టె
ఎడమ అంచున కొంచెం ఉంది. కాకినాడ లేదు. సముద్రంలో చుక్కల గీతలు ఉన్నాయి, అందులో ఒకటి సింగపూరు, కొలంబో మీదుగా బొంబాయి దాకా పోతోంది.

పటాలపిచ్చి
ఓడల దారి. నిప్పాన్ యూసెన్ కంపెనీ 1893లో బొంబాయి సర్వీసు మొదలుపెట్టింది, జంషెడ్జీ టాటా చేయి కలిపాడు. మన దూది ఒసాకా మిల్లులకి వెళ్ళడానికి. అప్పటిదాకా ఆ దారి బ్రిటిష్ పీ అండ్ ఓ కంపెనీ గుప్పిట్లో ఉండేది. ఈ చుక్కల గీత 1893 తర్వాతది అని చెబుతుంది, మనకి 1905 ఇప్పటికే ఉంది కాబట్టి కొత్తగా తేలేది లేదు. చూడటానికి మాత్రం సంతోషం.

నెమలీక_77
కాకినాడని జపాన్ వాళ్ళు తర్వాత గుర్తుపెట్టుకున్నారులే. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేసి పోయారు. మా తాతమ్మ ఆ రోజు సంగతి చెబుతూ ఉండేది. ఊరు ఖాళీ చేసి బళ్ళు కట్టుకుని పోయారట.

బెజవాడ_బ్లేడ్
మ్యాపు మీద తకేషిమా ఉందా, జపాన్, కొరియా ఇప్పటికీ కొట్టుకునే ఆ దీవి? అదీ 1905లోనే కదా కలుపుకున్నది?

చెట్టుకిందమేష్టారు
ఇంత చిన్న మ్యాపులో అది అచ్చు మరకకీ దీవికీ తేడా తెలియనంత ఉంటుంది. పైగా దాన్ని కదిపితే ఈ దారం నాలుగొందల పోస్టులు దాటుతుంది. వద్దు బాబూ.

తూర్పుగాలి
జెండాల సంగతి ఎవరూ ఎత్తలేదేం? రెండోవైపు ఉన్నవి జపాన్ జెండా, బ్రిటన్ జెండా. ఆ రెండు దేశాల కూటమి 1902లో మొదలై 1923లో ముగిసింది. 1905 ఆగస్టులో పొడిగించినప్పుడు ఇండియాని కూడా ఆ ఒప్పందంలోకి తెచ్చారు. ఇండియాలో బ్రిటన్‌కి కష్టమొస్తే జపాన్ అండగా నిలవాలి, కొరియాలో జపాన్ చేసేదానికి బ్రిటన్ అడ్డు చెప్పకూడదు. మనల్నీ కొరియా వాళ్ళనీ ఒకే కాగితంలో పంచుకున్నారన్నమాట. ఆ కాగితం వేడుక చేసుకునే విసనకర్ర ఇప్పుడు ఒక తెలుగువాడి చేతిలో ఉంది.

గళ్ళలుంగీ
గాలి వస్తుందో లేదో ఇంకా చెప్పలేదు.

ఒసాకా_ఆవకాయ
సాయంత్రం ఇంటికొచ్చి మళ్ళీ చూశాను. అసలు విషయం సఖాలిన్ కింది కొనలో ఉంది. పెట్టె గారూ, ఆ మూల ఇంకా దగ్గరగా ఫొటో తీసి పెడతారా? అక్కడ రేవు పేరు కతకానాలో, అంటే విదేశీ పేర్లు రాసే లిపిలో ఉన్నట్టుంది.

అటకమీదపెట్టె
పెట్టాను. మడత మీద పడింది, కొంచెం చిరిగింది.

ఒసాకా_ఆవకాయ
కోర్సకోఫ్ అని స్పష్టంగా ఉంది. రష్యా పేరే. పైన లోపలి ఊరు వ్లాదిమీరొవ్‌కా, సగం చిరిగింది గానీ మొదటి అక్షరాలు కనబడుతున్నాయి. జపాన్ వాళ్ళు 1908 మార్చిలో ఆ ఊళ్ళకి జపనీస్ పేర్లు పెట్టారు. కోర్సకోఫ్ ఓతొమారి అయింది, వ్లాదిమీరొవ్‌కా తొయొహరా అయింది. కరఫుతో (దక్షిణ సఖాలిన్‌కి జపనీస్ పేరు) పాలనా కేంద్రాన్ని ఆ ఏడే తొయొహరాకి మార్చారు.

కింద చైనా తీరంలో చూస్తే పోర్ట్ ఆర్థర్ రేవు పక్కన దైరెన్ అని ఉంది, రష్యావాళ్ళ దాల్నీ కాదు. దాని పేరు 1905లోనే మార్చేశారు. అంటే మ్యాపు గీసినవాడు కొత్త పేర్లు పట్టించుకునేవాడే. దైరెన్ తెలిసినవాడికి ఓతొమారి తెలియకపోవడానికి ఒకటే కారణం, అప్పటికి ఆ పేరు లేదు.

పటాలపిచ్చి
అబ్బా! అయితే 1905 సెప్టెంబరు నుంచి 1908 మార్చి.

రాతిఅచ్చు
కొట్టు పేరు కింద ఏముంది? అది కంపెనీ వాళ్ళు ఊరికే పంచిపెట్టే విసనకర్రలా ఉంది నాకు.

ఒసాకా_ఆవకాయ
అవును. ఒసాకా నగరం, మినామి వార్డు, ఒక బట్టల కొట్టు. టెలిఫోన్ నంబరు కూడా ఉంది. ఒసాకాలో ఫోన్లు 1893లో వచ్చాయి. వేసవిలో కొట్లవాళ్ళు ఖాతాదార్లకి విసనకర్రలు పంచడం ఇక్కడ ఇప్పటికీ ఉంది, కాకపోతే ఇప్పుడు ప్లాస్టిక్ పుల్లలవి, స్టేషన్ బయట చేతిలో పెడతారు.

పటాలపిచ్చి
ఇంకేం. విసనకర్ర పంచేది ఎండాకాలంలో. ఒప్పందం మీద సంతకాలు 1905 సెప్టెంబరు 5న. ఆ ఏటి ఎండలు అప్పటికే అయిపోయాయి. పేర్లు మారింది 1908 మార్చిలో, ఆ ఏటి ఎండలకి ముందే. మిగిలినవి 1906 వేసవి, 1907 వేసవి. నన్నడిగితే 1906. గెలిచిన వేడి మీద ఉన్నప్పుడే జెండాల విసనకర్ర పంచుతారు.

చెట్టుకిందమేష్టారు
1906 అనడం నీ ముచ్చట. మ్యాపు చెప్పేది కాదు. బట్టల కొట్టువాడు మ్యాపు గీయడు, విసనకర్రలు చేసేవాడి దగ్గర తయారుగా ఉన్న బొమ్మల్లో ఒకటి ఎంచుకుని వెనక తన పేరు వేయించుకుంటాడు. ముందువైపు 1906లో గీసినది, వెనకవైపు 1909లో అచ్చేసినది కావచ్చు.

రాతిఅచ్చు
అది కనిపెట్టొచ్చు మేష్టారూ. రెండువైపులా ఎరుపు ఒకటేనా, కాగితం ఒకటేనా అని చూస్తే సరి. ఫొటోలో చూస్తే జెండాలో ఎరుపు, మ్యాపులో ఎరుపు ఒకేలా ఉన్నాయి. కొట్టు పేరు మాత్రం నల్ల సిరాతో విడిగా కొట్టినది, అక్షరాల అంచు కాగితంలోకి దిగింది. అంటే మేష్టారి మాటలో పస ఉంది. బొమ్మ ముందు, పేరు తర్వాత. ఎంత తర్వాత అనేది మాత్రం సిరా చెప్పదు.

తూర్పుగాలి
అమ్మేటప్పుడు 1906 అని రాస్తే ఒక ధర, 1905-1910 అని రాస్తే ఇంకో ధర. అందుకే పటాలపిచ్చికి అంత తొందర.

పటాలపిచ్చి
నేను అమ్మేవాణ్ణి కాదు, కొని ఇంట్లో తిట్లు తినేవాణ్ణి.

నెమలీక_77
నా దగ్గర చేతి పిడి ఉన్న గుండ్రటి విసనకర్ర ఉంది, జపాన్ జిల్లాల మ్యాపుతో. ఉత్తరాన ఉండాల్సిన హొక్కయిదో దీవి అసలు లేదు. ఇది ఎడో కాలందేనా మరి?

పటాలపిచ్చి
హొక్కయిదో లేకపోవడం దేనికీ రుజువు కాదు. చోటు చాలక వదిలేసిన మ్యాపులు ఎడో తర్వాతి మెయిజి కాలంలో కూడా బోలెడు. జిల్లాలు అంటున్నావు కాబట్టి 1871 తర్వాతదే. షికొకు దీవి చూడు. అందులో ఎన్ని జిల్లాలు?

నెమలీక_77
మూడు. ఈశాన్యం మూల ఉండాల్సిన కగవ లేదు.

పటాలపిచ్చి
భలే వస్తువు పట్టావు! కగవని 1876లో ఎహిమెలో కలిపేసి 1888 డిసెంబరులో మళ్ళీ విడదీశారు. తొకుషిమా కొచిలోంచి విడిపోయింది 1880లో. ఆ మూడింట్లో తొకుషిమా పేరు ఉంటే 1880, 1888 మధ్య గీసినది. నారా విడిగా ఉందో, ఒసాకాలో కలిసి ఉందో కూడా చూడు. విడిగా ఉంటే 1887 చివర నుంచి ఏడాది పాటు మాత్రమే సరిపోయే మ్యాపు అది. మేష్టారు వచ్చి "పాత రాయి" అనేలోపు సంతోషపడు.

చెట్టుకిందమేష్టారు
పాత రాయి.

అటకమీదపెట్టె
రాత్రి యూవీ టార్చి వేసి చూశాను. కాగితం మెరవలేదు. ఒక మడత వెనక అతికించిన చిన్న ముక్క మాత్రం నీలంగా మెరిసింది.

రాతిఅచ్చు
ఎవరో ఈమధ్య చిరుగుకి మరమ్మతు చేశారు. మిగతాదాంట్లో కొత్త కాగితం ఆనవాలు లేదు. ఆ ముక్కని పీకకండి, పాత కాగితం దాంతోపాటు ఊడొస్తుంది. సెల్లో టేపు అసలు దగ్గరికి రానివ్వకండి. విప్పి గోడకి తగిలించకండి. మూసి, పలచటి తెల్ల కాగితంలో చుట్టి, ఎండ తగలని సొరుగులో పెట్టండి.

బెజవాడ_బ్లేడ్
అమ్మినవాడి సంగతేం చేస్తావు?

అటకమీదపెట్టె
రసీదు మీద ఏ కాలందో రాయలేదు, నోటిమాటే. వచ్చే నెల సంతకి వెళ్ళినప్పుడు కోర్సకోఫ్ చూపించి అడుగుతా. డబ్బు వెనక్కి ఇస్తానన్నా ఇక దీన్ని ఇవ్వను.

ఒసాకా_ఆవకాయ
అడిగేటప్పుడు అరవకండి. ఆయన దగ్గర ఇలాంటివి ఇంకా ఉంటే నాకో ఫొటో పంపండి. ఓతొమారి అని ఉన్నది దొరికితే, మిగతా మ్యాపు ఇదే అయితే, మేష్టారి పాత రాయి సంగతి తేలిపోతుంది.

గళ్ళలుంగీ
రెండు కొను. ఒకటి విసురుకోడానికి.